సముద్రము పంపిన మంచు

అన్నపూర్ణ చుట్టుదారిలో ఊరూర మారు ఋతువులు

నేపాళదేశమున మర్స్యాంగ్ది నదీతీరమందలి బేసీసహర్ పట్టణమునొద్ద మొదలై, వరిమళ్ల గట్లమీదుగా మెల్లగా పైకెగబ్రాకి, పైన్ వనములను దాటి, గడ్డిపరకయైనను మొలవని రాతివాలులను గడచి, 5416 మీటర్ల ఎత్తుననున్న థొరోంగ్ లా అను కనుమ నెక్కి, ఆవలివైపున ముక్తినాథ క్షేత్రమునకు దిగి, కాళీగండకీ లోయవెంట మరల నారింజచెట్ల నీడను చేరుకొను కాలిబాట యొకటి కలదు. అన్నపూర్ణా పర్వతపంక్తిని మూడువైపుల చుట్టివచ్చు ఈ బాటను దేశదేశముల పాదచారులు అన్నపూర్ణ సర్క్యూట్ అని వ్యవహరింతురు. మనవారి మర్యాద ననుసరించి దీనిని ప్రదక్షిణమందమా యన్న, అందఱును తూర్పున మొదలిడి పడమట దిగుదురు గనుక ఇది అపసవ్యముగా సాగు ప్రదక్షిణము. ఏలయన, పడమటినుండి యెక్కువానికి ముక్తినాథము మొదలు కనుమదాక ఒక్కదినమున 1600 మీటర్లకు పైబడిన యెక్కుడు ఎదురగును. తూర్పువాలు మాత్రము మనుష్యుని ఊపిరితిత్తుల శక్తి నెఱిగినట్లు మెట్లుమెట్లుగా పైకి గొనిపోవును. దేవాలయమున వలముగా తిరుగుట పుణ్యమే గాని, పర్వతము ఆ నియమమును సడలించినది.

హిమాలయమనగానే మనవారి మనస్సున మొదట మెదలునది జనశూన్యమైన ధవళశిఖరము. మనుష్యుడు అచ్చటికి తపస్సునకో విజయమునకో పోవలెనే గాని కాపురమునకు పోవడని మన మొక నిర్ణయము చేసికొని యున్నాము. ఈ బాట ఆ నిర్ణయమును కొట్టివేయును. రెండుమూడు గంటల నడకకొక ఊరు, ఊరూర భట్టియను పూటకూటియిల్లు, భట్టిలో పొయ్యిముందు అందఱిచేతను ‘దిదీ’ (అక్క) యని పిలువబడు ఇల్లాలు, ఆమె వడ్డించు పప్పును అన్నమును దారిపొడుగున నుండుటచేతనే గదా, గుడారము మోయనక్కఱలేకయే సామాన్యుడొకడు ఐదువేల మీటర్లకు మించి యెక్కగలుగుచున్నాడు! 1950 జూన్ 3వ తేదీన మోరిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ అను ఫ్రెంచివారిరువురు 8091 మీటర్ల అన్నపూర్ణా ప్రథమశిఖరము నెక్కి, ఎనిమిదివేల మీటర్లకు మించిన శిఖరముపై మొట్టమొదట అడుగిడినవారను కీర్తి నార్జించిరి. మంచుకాటు వలన హెర్జోగ్ చేతివ్రేళ్లను కాలివ్రేళ్లను కోల్పోయెను. ఈ కథ లోకమెల్ల నెఱిగినదే. అంతకుముందు, శిఖరమునకు దారి యేదో తెలియక వెదకుచు ఆయన మనంగ్ లోయలోనికి దిగి, అచ్చట తినుటకేమియు కొనదొరకక ఆకలితో మరలిపోయిన సంగతి మాత్రము అంత ప్రసిద్ధము కాదు. నేడు ఆ మనంగ్‌లోనే ఆపిల్ పండ్లు కూర్చి కాల్చిన తీపిరొట్టెయు, వేడికాఫీయు దొరకును. శిఖరముల చరిత్రకంటె నాకీ అంగళ్ల చరిత్రయే ఎక్కువ ఆశ్చర్యకరముగ తోచును.

బాటయొక్క దిగువభాగము ప్రధానముగ గురుంగుల సీమ. పలకరాతి కప్పుల యిండ్లు, కొండను మెట్లుగ చెక్కిన వరిచేలు, వానికి పైమెట్లలో రాగిచేలు. ఆ రాగిపిండితో గరిటె నిలుచునట్లు వండు ‘ఢిండో’ను రాయలసీమవాని ముందు పెట్టినయెడల, సంగటియని గుర్తించి, ఊరుబిండి ఏదని మాత్రమే అడుగును. వానకాలమున ఇచ్చటి బాటలపై జలగలు, కొండచరియలు. ఆశ్వయుజమున వాన వెనుదిరిగి దశైన్ పండుగ వచ్చుసరికి పిల్లలకు వెదురుబొంగుల ఊయెలలు, పెద్దల నుదుట అక్షతల టీకాలు. బరువులు మోయువారు వెదురుబుట్టను వీపున నుంచి, దాని పట్టీని నుదుటికి తగిలించి, మెడబలముతో ఎక్కిపోవుదురు. బుట్టను దోకో యనియు, పట్టీని నామ్లో యనియు అందురు. బియ్యపు బస్తాలు, వంటగ్యాసు బండలు, కోళ్లగూళ్లు, యాత్రికుల పెట్టెలు అన్నియు ఆ నుదుళ్లమీదనే కొండ యెక్కినవి. ఇటీవల జీపుబాట వచ్చుటచే ఆ బరువు కొంత తగ్గినది.

తాల్, ధారాపాని గ్రామములు దాటి చామే చేరునప్పటికి ఎత్తు 2670 మీటర్లు. వరి ఎప్పుడో వెనుకబడినది. పైన్ చెట్ల వాసన, ఆపిల్ తోటలు, నదిలోని నీలపునీటి హోరు. చామేకు పైన, బ్రహ్మాండమైన పళ్లెమును ఏటవాలుగ నిలిపినట్లు ఒకే నున్నని రాతిపలక వందలాది మీటర్లు లేచి నిలుచును. ఆ మలుపు తిరిగి పిసాంగ్ లోయలో అడుగిడినంతనే దేశమే మారినట్లుండును. వర్షము మోసికొనివచ్చు మేఘములు అన్నపూర్ణా పంక్తికి దక్షిణపు వాలున తమ భారమంతయు దించివేయుటచే, వెనుకనున్న ఈ లోయకు దక్కునది స్వల్పము. పొఖరాకు చేరువనున్న లుమ్లే గ్రామమున ఏటేట 5000 మిల్లీమీటర్లకు మించి వర్షించును. దానికి తిన్నగా ఉత్తరమున, 60 కిలోమీటర్లయినను లేని దూరముననున్న జోమ్‌సోమ్‌లో 300 మిల్లీమీటర్లు కూడ కురియదు. కఱవుసీమగా పేరుపడిన మన అనంతపురమున కురియు వాన దానికి ఇంచుమించు రెండింతలు. ఈ లెక్కలు తెలియనివాడు ఇంటికప్పులను చూచిన చాలును. దిగువ గ్రామములలో కప్పులన్నియు నీరు జారిపోవునట్లు ఏటవాలుగ నుండగా, పిసాంగ్ మొదలుకొని ఇండ్లకు మట్టితో చదునుచేసిన మిద్దెలే. వాని అంచులవెంట శీతకాలపు వంటచెఱకు పేర్చబడియుండును, నడుమ బార్లీయో బక్‌వీటో ఎండుచుండును.

ఆ మిద్దెలే ఊరివారి వాతావరణశాలలు. ఈ లోయలో తెల్లవారుజామున ఆకాశము కడిగినట్లుండుట, పదిగంటలు దాటునప్పటికి దిగువనుండి గాలి లేచుట, మధ్యాహ్నమునకు మబ్బులు కొండల భుజములనెక్కుట, సాయంకాలము ఒక చిఱుజల్లో నాలుగు మంచుపలుకులో రాలుట సాధారణమైన దినచర్య. దీనిని మార్పు అనరాదు, ఇది గడియారము. నిజమైన మార్పు వచ్చునప్పుడు మిద్దెలమీది స్త్రీలు ధాన్యమును ఎత్తుట మొదలిడుదురు. ఉన్నతశిఖరపు కొననుండి మంచుధూళి తూర్పునకు పొగవలె ఎగయుట, ధ్వజములు దిక్కుమార్చి కొట్టుకొనుట, మేతకు పోయిన చమరీమృగములు వేళగాని వేళ దిగివచ్చుట మొదలైనవానిని చూచి వారు నిర్ణయింతురు. యాత్రికుడు తన చేతిగడియారములోని పీడనమాపకమును చూచుకొను లోపల ఒక మిద్దె ఖాళీయగును, వెంటనే ప్రక్కమిద్దెయు ఖాళీయగును. అట్టిచోట ముందుకు సాగక ఆ పూటకు ఆ యూరనే నిలిచిపోవుట ఈ బాటమీద నేర్వదగిన విద్యలలో మొదటిది. కార్యక్రమమును అచ్చువేయించుకొని వచ్చినవారికి ఈ విద్య పట్టుబడుట కష్టము.

పిసాంగ్‌నుండి మనంగ్‌కు రెండు దారులు. నదివెంట పోవునది సులువు; కొండమీదుగా 3700 మీటర్ల ఎత్తుననున్న ఘ్యారూ, దానిని దాటి ఙావల్ గ్రామములకు పోవునది కఠినము. కాని కఠినమైనదే మేలు. పగటిపూట ఎత్తునకెక్కి, రాత్రికి కొంత దిగి నిద్రించుటచే దేహము పలుచనిగాలికి అలవాటుపడును. పైగా, ఘ్యారూ గ్రామపు రచ్చ దగ్గఱ నిలిచినవానికి ఎదుట 7937 మీటర్ల అన్నపూర్ణా ద్వితీయశిఖరమునుండి గంగాపూర్ణ వఱకు హిమపంక్తి యంతయు అడ్డములేక కనిపించును. ఊరి మొగదల, మంత్రాక్షరములు చెక్కిన పలకల గోడను కుడిచేతివైపుంచుకొని నడువవలెను. పర్వతమునకు అపసవ్యముగా తిరుగుచున్న పాదచారి ప్రతి యూరిముందును ఈ చిన్న ప్రదక్షిణమునైనను సవ్యముగా చేయుచు పోవును.

మనంగ్ 3540 మీటర్లు. ఇచ్చటివారు వణిజులు. పదునెనిమిదవ శతాబ్ది చివర నేపాళరాజులు ప్రసాదించిన వ్యాపారస్వాతంత్ర్యమును ఆధారముగ గొని, వీరు బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్ పట్టణములదాక సరకులతో తిరిగిరి. చలికాలమున ఊరిలో ముసలివారును పశువులును మాత్రమే మిగులుట పరిపాటి. విదేశీయులను 1977 నుండియే ఈ లోయలోనికి రానిచ్చిరి. 1973లో స్థాపితమైన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్యశాల యొకటి ఇచ్చట నున్నది. రాకపోకల కాలమున అచ్చటి వైద్యులు ప్రతిదినము అపరాహ్ణమున యాత్రికులను కూర్చుండబెట్టి ఎత్తుజబ్బును గూర్చి ఉపన్యసింతురు. సముద్రమట్టమున మనము పీల్చు గాలి పీడనములో థొరోంగ్ లా మీద నుండునది ఇంచుమించు సగము. మూడువేల మీటర్లు దాటినపిమ్మట రాత్రి పరుండు తావును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదు. మూడునాలుగు దినములకొకసారి ఉన్నచోటనే విశ్రమింపవలెను. తలనొప్పి, వికారము, నిద్రలేమి మొదటి హెచ్చరికలు. నడక తూలినను, మాట తడబడినను, కూర్చున్నచోటనే ఆయాసము వచ్చినను మందుకొఱకు వెదకుచు కాలహరణము చేయక వెంటనే క్రిందికి దింపవలెను. నేపాళీయులు ‘లేక్ లాగ్యో’ యందురు, కొండయెత్తు తగిలినదని. భట్టిలోని దిదీలు దీనికి వెల్లుల్లిచారు దివ్యౌషధమని పోయుదురు. వైద్యులు ఆ మాటకు ముద్ర వేయలేదు గాని, ఆ చలిలో రెండు గిన్నెల వేడినీరు కడుపులో పడుట వైద్యమే యగును గనుక నేనెన్నడును వలదనలేదు.

ఈ సందర్భమున మనుచరిత్రములోని ప్రవరుడు జ్ఞప్తికి రాకమానడు. సిద్ధుడిచ్చిన పసరును పాదములకు పూసికొని అరుణాస్పదపురమునుండి క్షణములో హిమాలయమును చేరిన ఆ గృహస్థుడు, మంచునీటికి పసరు కరగిపోగా ఇల్లు చేరు దారిలేక చిక్కుపడెను. అంత వేగముగ అంత యెత్తునకు పోయినవానికి అల్లసానివారు తలనొప్పియైనను రానీయలేదు. వరూధిని కనబడవలసిన ఘట్టమున వాంతులు ప్రబంధమునకు తగవు. ఇప్పుడు ఆ పసరు జీపురూపమున వచ్చినది. బేసీసహర్‌లో ఉదయమున ఎక్కినవాడు చీకటిపడులోపల మనంగ్ దరిదాపులలో దిగవచ్చును. వారము దినముల నడకలో దేహము నేర్వవలసినదానిని ఒక్కపూటలో దాటివచ్చినవాడు ఆ రాత్రి పడు అవస్థను చూచినవారికి, బాటమధ్యమున ఊళ్లు అంత దగ్గఱదగ్గఱగ ఎందుకున్నవో అర్థమగును.

మనంగ్ దాటిన కొంతదూరమునకు ఊళ్లుండవు. పశువుల మేతపట్టులు, వానియొద్ద వెలసిన విడుదులు మాత్రము కలవు. యాక్ ఖర్క, ఆ పిమ్మట 4450 మీటర్ల థొరోంగ్ ఫేదీ. అచ్చటినుండి చీకటితోనే లేచి, తలదీపముల వెలుతురున ఎక్కి, మధ్యాహ్నపు గాలి లేవకముందే కనుమను దాటుట వాడుక.

ఇక, మన తీరమునకును ఈ కనుమకును గల సంబంధము చెప్పవలసియున్నది. విశాఖపట్టణము 83 డిగ్రీల తూర్పు రేఖాంశమునకు కొంచెము ఆవల నున్నది. థొరోంగ్ లా 84కు కొంచెము ఈవల. అనగా విశాఖనుండి ఇంచుమించు నిట్టనిలువుగ ఉత్తరమునకు గీత గీచిన, 1200 కిలోమీటర్లు దాటిన పిదప అది ఈ కనుమ చేరువనే పోవును. 2014 అక్టోబరు 12, ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను విశాఖయొద్ద తీరము దాటెను. ఆ దినము విమానాశ్రయపు కప్పు లేచిపోవుట, కైలాసగిరి చెట్లు మోడులగుట, నగరము దినములతరబడి దీపములేక నీరులేక యుండుట మనవారు మఱచిపోలేరు. తీరము దాటిన తుపాను భూమిపై బలముడిగి వార్తలనుండి తొలగిపోవుట సహజము. కాని గాలివేగము తగ్గినంతమాత్రమున అది త్రాగిన సముద్రము ఎచ్చటికి పోవును? ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్‌లమీదుగ ఆ తేమ ఉత్తరమునకు సాగి, పడమటినుండి వచ్చుచున్న శీతలపు గాలిద్రోణితో కలిసికొని, రెండుదినములకు హిమాలయమును తాకెను. విశాఖలో వానగా కురిసినది అచ్చట మంచుగా కురిసెను.

14వ తేదీ మంగళవారము. వర్షకాలము గడచి ఆకాశము నిర్మలముగ నుండదగిన దినములు గనుక కనుమ దాటువారి సంఖ్య హెచ్చుగ నుండెను. తెల్లవారులోపలనే మంచు మొదలాయెను. దాదాపు 12 గంటలలో కొన్నిచోట్ల 6 అడుగులు పేరుకొన్నదని చెప్పుదురు. ఆకాశమునకును నేలకును భేదము తెలియని ఆ తెల్లదనములో బాట పోయెను, బాటగుర్తుల కంబములు పోయెను. కనుమ శిరస్సున నున్న చిన్న టీగుడిసెలో కొందఱు కిక్కిరిసి తలదాచుకొనిరి. అందుండి దిగబోయి దారితప్పినవారును కలరు. మంచుచరియలు విఱిగిపడి పోయినవారితో కలిపి ఆ ప్రాంతమున మరణించినవారు 43 మందికి తక్కువ కారు. వారిలో యాత్రికులే గాక, వారి బరువులు మోసినవారును, దారిచూపినవారును, చమరీమృగముల కాపరులును ఉండిరి. నేపాళ పాదయాత్రల చరిత్రలో అంతటి ఘోరము అంతకుముందు లేదు. ఫేదీలోను మనంగ్‌లోను నిలిచిపోయినవారు పోగొట్టుకొన్నది కొలదిదినములు మాత్రమే.

ఆ యాత్రికులను అజ్ఞులని నిందించుట సులభము. అది న్యాయమని నేననుకొనను. ఊరివారి ఆకాశవిద్య ఆ లోయలో పుట్టి ఆ లోయలో పెరుగు వాతావరణమునకు సరిపడినది; సముద్రమునుండి వచ్చు అతిథిని ముందుగ గుర్తుపట్టుటకు అది చాలదు. ముందునాటి సాయంకాలపు మబ్బు రేపటి సంగతినంతయు చెప్పలేదు. చెప్పగలవారు దూరమున ఉపగ్రహచిత్రములముందు కూర్చున్నవారు. వారి మాట మిద్దెలదాక, భట్టిపొయ్యిలదాక చాలచోట్ల చేరలేదు. పైగా ఇందులో ఒక విపరీతయోగము కలదు. నైరుతిఋతుపవనము తొలగి హిమాలయము నిర్మలమగు ఆశ్వయుజ కార్తీకములే బంగాళాఖాతమున తుపానులు పుట్టు కాలము. కనుమలు తెఱచుకొను మాసమును మన తీరము బిక్కుబిక్కుమను మాసమును ఒక్కటియే. 1995 నవంబరులోను బంగాళాఖాతపు తుపానొకటి తూర్పున ఎవరెస్టు సీమను ఇట్లే మంచున ముంచగా, గోక్యో లోయలో హిమపాతమువలన జపాను యాత్రికుల విడిది యొకటి నేలమట్టమాయెను. అందుచేత అక్టోబరులో మనంగ్ చేరిన తెలుగువాడు కనుమమీద ఎండ ఎట్లున్నదని అడుగుటకంటె, ఇంటికి ఫోనుచేసి కాకినాడ, విశాఖ రేవులలో ఏ నంబరు ప్రమాదసూచిక ఎగురవేసిరో అడుగుట మేలు. 2023 ఏప్రిల్ నుండి ఒంటరిగ వచ్చు విదేశీయుడు గైడును వెంటగొనవలెనని నియమము వచ్చినది. మంచిదే, కాని గైడునకును ఆ వార్త అందవలెను గదా.

కనుమ దిగినచోట ముక్తినాథము. వైష్ణవుల నూట యెనిమిది దివ్యదేశములలో సాలగ్రామక్షేత్రమని లెక్కింపబడు ఈ తావునకు తెలుగుదేశమునుండి వచ్చువారు చాలమంది. ఆలయము వెనుక అర్ధచంద్రాకారముగ 108 ధారలు. చేరువనే రాతినుండి వెలువడు వాయువుతో వెలుగు జ్వాలామాయి. హిందువులకును బౌద్ధులకును సమానముగ పూజ్యమైన ఈ స్థలమున నిత్యపరిచర్యలో బౌద్ధసన్న్యాసినులును పాల్గొందురు. పొఖరాలో జీపెక్కి వచ్చి, 3700 మీటర్ల యెత్తున ఆ 108 ధారల క్రింద ఒక్కపరుగున స్నానమాడి, పెదవులు నీలమై కూలబడు మన పెద్దలను చూచినప్పుడు, దారిలోని మార్ఫాలోనో కాలోపానిలోనో ఒకరాత్రి నిద్రచేసి రండని చెప్పు పురోహితుడు వీరికొక్కడైన లేకపోయెనే యనిపించును. పసరు ఇటువైపునను పూయబడుచున్నది.

ఇచ్చటినుండి కాళీగండకి ఒడ్డుకు దిగినచో, మన యింటి దేవతార్చన పెట్టెలలో తరతరములుగ తులసిదళముతో పూజలందుకొనుచున్న సాలగ్రామములు ఏటియిసుకలో దొరకును. నల్లని గుండురాయిని విప్పిన లోపల చక్రము. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని అమ్మొనైటు అను సముద్రప్రాణియొక్క శిలాజమందురు; దాదాపు 15 కోట్ల సంవత్సరముల క్రిందట భారతభూఖండమునకును ఆసియాకును నడుమ నున్న టెథిస్ సముద్రపు అడుగుబురదలో పడినది. భూఖండములు ఢీకొని ఆ యడుగుబురద పర్వతమాయెను. సముద్రమును శయ్యగా గొన్నవాని ప్రతిరూపము ఇంత దూరమున, ఇంత యెత్తున, సముద్రజీవి దేహములోనే దొరకుటను గూర్చి శాస్త్రజ్ఞుడును అర్చకుడును ఏనాడైన కలిసి కూర్చుండి మాటాడుకొనిన వినవలెనని నాకు కోరిక.

ధవళగిరికిని అన్నపూర్ణకును నడుమ, రెండు శిఖరములకును సుమారు 35 కిలోమీటర్ల ఎడముండగా, వానికి ఐదువేల మీటర్ల దిగువను ప్రవహించు ఈ నది హిమాలయముకంటె వయస్సున పెద్దది. పర్వతము లేచుచున్నకొలదియు కోసికొనుచు తన దారిని నిలుపుకొన్నది. ఆ కోతయే గాలికి ద్వారము. పగలు టిబెట్టు పీఠభూమి వేడెక్కగా దిగువ మైదానపుగాలి ఈ ఇరుకున దూరి పైకి దూకును. ఉదయము పది పదునొకండు గంటలకు మొదలైన గాలి సాయంకాలముదాక విడువదు. అందుచే జోమ్‌సోమ్‌కు విమానములు పెందలకడనే వచ్చి పోవును. తకాలీ జాతివారు తమ మార్ఫా గ్రామమును గాలికి మొగము చాటుచేసి, ఇండ్లను ఒకదానినొకటి ఆనుకొనునట్లు, సందులకు రాతిపలకలు పఱచి, వాని క్రింద కాలువలు పారునట్లు కట్టికొనిరి. ఒకనాడు టిబెట్టు ఉప్పు దిగువకును, దిగువ ధాన్యము టిబెట్టునకును ఈ లోయవెంటనే నడిచినవి. టుకుచేలో నేటికిని నిలిచియున్న విశాలమైన చావళ్ల ఇండ్లు ఆ ఉప్పు కట్టించినవే.

వాన పడదనియే ఈ ఊళ్లన్నియు మట్టిమిద్దెలతో కట్టబడినవి. ఆ నమ్మకమిప్పుడు చెదరుచున్నది. ఒకవంక ముస్తాంగ్ జిల్లా యెగువభాగమున సామ్‌జోంగ్ గ్రామస్థులు ఏటినీరు ఎండిపోగా ఊరినే విడిచి వేఱొకచోట ఇండ్లు కట్టుకొనిరి. మఱొకవంక అదే జిల్లాలో, 2023 ఆగస్టు 13వ తేదీ సాయంకాలము, ఏడాదికి నాలుగు జల్లులెఱిగిన కాగ్‌బేనిలోనికి బురదవరద చొచ్చి ఇండ్లను వంతెనలను పెకలించెను. మిద్దెలు కాఱుట మొదలిడగా కొందఱు వానిపై ఏటవాలుగ రేకులు వేయించుచున్నారు. రేకు క్రింద ఇల్లు తడియదు, నిజమే. కాని వాలుకప్పుమీద ధాన్యము నిలువదు, కట్టెలు పేర్చుటకు వీలులేదు, కళ్లమునకు వేఱొక నేల ఈ రాళ్లలో ఎచ్చట దొరకును? పైగా మధ్యాహ్నపు గాలికి ఎగిరిపోకుండ ఆ రేకులమీద మరల రాళ్లు మోసి పెట్టుచున్నారు.